ఆరు బిరడాలు, రెండు బిళ్ళలు

నేను సముద్రంలో మునగబోయిన రోజున నా జేబు పుస్తకంలో నలభై ఒక్క అంశాల జాబితా ఉంది. నలభై ఒక్కదానికీ పక్కన టిక్కు పెట్టి ఉంది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఉప్పునీళ్ళు తాగి కాగితాలు ఉబ్బిపోయాయి గానీ, పదిహేడో అంశం పక్కన పెట్టిన టిక్కు మాత్రం చెరగలేదు.

ఉద్యోగ జ్ఞాపకాలు మామూలుగా రిటైరైనవాళ్ళు రాస్తారు. నాకింకా ముప్పై నిండలేదు. ఇప్పుడు వేరే చోట, వేరే పనిలో ఉన్నాను. కానీ పాలిటెక్నిక్ నుంచి డిప్లొమా పట్టుకుని కొత్తగా పనిలో చేరుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ "అన్నా, నీ మొదటి నౌకరీ ఎట్లుండె" అని అడిగినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఒక్కటే సంగతి. అది రాస్తాను. పేర్లు మాత్రం రాయను.

మొదటి ఉద్యోగం గోదావరిఖనిలో ఒక చిన్న వర్క్‌షాపులో. యజమాని ముప్పై మూడేళ్ళు భూగర్భ గనిలో పంపులు బాగుచేసిన ఫిట్టర్. రిటైరయ్యాక రేకుల షెడ్డు వేసి ఒక లేత్ మిషన్, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక వెల్డింగ్ సెట్టు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. నేనూ అదే అనేవాణ్ణి. ఆయన నన్ను బేటా అనేవాడు.

మా ఇద్దరి మధ్య పని పంపకం స్పష్టంగా ఉండేది. చదవడం నా పని, చెయ్యడం ఆయన పని. ఆయనకు ఉర్దూ బాగా వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు రాదు. ఏ మిషన్‌తో ఏ పుస్తకం వచ్చినా ముందు నా చేతికిచ్చి, "కాగితం ఏమంటున్నది బేటా?" అని అడిగేవాడు. నేను చదివి చెప్పేవాణ్ణి. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. తర్వాత ఆ కాగితంలో లేని విషయం కూడా ఆయన చేతులకు తెలిసిపోయేది.

షాపులో ఇంకో పద్ధతి ఉండేది. అది గని నుంచి తెచ్చుకున్నది. గనిలోకి దిగేవాడు దీపాల గదిలో తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక దీపం తిరిగిచ్చి బిళ్ళ తీసుకుంటాడు. బోర్డు మీద ఇంకా ఒక బిళ్ళ వేలాడుతోందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఉస్తాద్ ఇత్తడి రేకు కత్తిరించి, అంకెలు కొట్టి, మా షాపుకూ బిళ్ళలు చేశాడు. ఎవరైనా ట్యాంకులోకి దిగినా, లారీ కిందికి దూరినా, ముందు గోడ మేకుకు బిళ్ళ తగిలించాలి. పని అయ్యాక తియ్యాలి. ఉన్నది ఇద్దరమే. నాకు ఇదంతా నవ్వులాటగా ఉండేది.

ఆ షాపుకు ఒకరోజు జ్యోతినగర్ నుంచి ఒక సార్ వచ్చాడు. విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా చేసి, కొత్తగా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం వస్తే గోదావరి ఒడ్డున గాలం పట్టుకుని కూర్చునే మనిషి. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. సముద్రంలో తన పడవలో తాను పోయి, తన గాలంతో ఒక వంజరం చేపను పట్టాలి. కుడి భుజానికి ఆపరేషన్ అయింది కాబట్టి తెడ్డు వెయ్యలేడు. అందుకని కాళ్ళతో తొక్కే కయాక్ కొన్నాడు.

ఆ పడవ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పొడుగ్గా, సన్నగా ఉండే ప్లాస్టిక్ పడవ. లోపలంతా బోలు. మనుషులు కూర్చునేది లోపల కాదు, పైన, తొట్టిలా లోతుగా ఉన్న భాగంలో. ఒకరి వెనక ఒకరికి రెండు సీట్లు. కాళ్ళ దగ్గర సైకిల్ పెడళ్ళు, అవి తొక్కితే అడుగున రెక్కలు ఆడి పడవ ముందుకు పోతుంది. ఆ తొట్టి అడుగున, సీట్ల కింద, ఆరు రంధ్రాలు. పైనుంచి కిందికి గొట్టాల్లా నేరుగా నీళ్ళలోకి తెరుచుకుని ఉంటాయి.

చేపల వేటకు కావలసిన సరంజామా అంతా మేము బిగించాలి. గాలపు కర్రలు నిలబెట్టే నాలుగు గొట్టాలు, లంగరు తాడుకు గిలకలు, దూరానికి కనిపించే జెండా కర్ర, నీటి కింద చేపల్ని చూపే చిన్న తెర, దానికి బ్యాటరీ. నేను జాబితా రాశాను. బొగ్గు గనుల మధ్య మా షాపులో సముద్రపు పడవ నిలబడి ఉంటే వచ్చిపోయేవాళ్ళు ఆగి చూసేవారు.

"ఏంది ఉస్తాద్, రిటైరైనంక నావ కొన్నవా?" అన్నాడు ఎదురుగా చాయ్ హోటల్ నడిపే అన్న.

"ఓపెన్ కాస్ట్ గని తవ్వి తవ్వి సముద్రం దాకా పోతున్నరంట. ముందే ఒకటి తయారుచేసి పెట్టుకుంటున్న," అన్నాడు ఉస్తాద్.

మొదటిసారి గోదావరిలో దించాం. బ్యారేజీ కట్టాక మా దగ్గర నది చెరువులా కదలకుండా నిలిచి ఉంటుంది. సార్ ముందు సీట్లో, నేను వెనక సీట్లో. ఇద్దరి బరువుకు పడవ కాస్త దిగి, ఆ ఆరు రంధ్రాల్లోంచి రెండు వేళ్ళ మందం నీళ్ళు సీట్లోకి వచ్చాయి.

"ఉస్తాద్, ప్యాంటు మొత్తం తడిసింది," అన్నాడు సార్ ఒడ్డుకొచ్చాక.

"ఎక్కడికెల్లి వస్తున్నయ్ సార్ నీళ్ళు?"

"అడుగు నుంచే. ఈ బొక్కల్లోంచి."

ఉస్తాద్ మొహం మారిపోయింది. అప్పటిదాకా చాయ్ తాగుతున్న మనిషి గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళ మీద వంగి, ఒక్కో రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. గనిలో అడుగు నుంచి నీళ్ళు ఊరుతున్నాయంటే ఆ మాటకు మనుషులు ఎట్లా లేస్తారో ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. ఆ లేవడం ఆయన ఒంట్లోనే ఉండిపోయింది.

"ఉస్తాద్, కంపెనోళ్ళు కావాలనే పెట్టిండ్రేమో," అన్నాను.

"నీళ్ళు లోపల్కి రావాలని ఎవడన్న బొక్క పెడ్తడా బేటా? ముందు మూస్తం, తర్వాత ముచ్చట."

సార్ నవ్వాడు. నేనూ నవ్వాను.

రెండు రోజులు ఆయన వేరే పని ముట్టలేదు. గనిలో వాడి పారేసిన కన్వేయర్ బెల్టు ముక్కల్ని పొరలుగా అతికించి, లేత్ మీద ఒక కొస సన్నగా వచ్చేలా తిప్పి, ఆరు రబ్బరు బిరడాలు చేశాడు. జిగురు పూసి, రబ్బరు సుత్తితో కొట్టి, పైకి తేలిన భాగాన్ని బ్లేడుతో సమంగా కోసేశాడు. చేత్తో తడిమితే ఎక్కడ ప్లాస్టిక్ అయిపోయి ఎక్కడ రబ్బరు మొదలైందో తెలియదు. చాయ్ హోటల్ అన్నను పిలిచి, "కండ్లు మూసుకొని చెయ్యి పెట్టి చెప్పు, బొక్క యాడుంది?" అన్నాడు. అన్న చెప్పలేకపోయాడు. ఉస్తాద్ ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నాడో, ఆ తర్వాత నేను ఎన్నడూ అట్లా చూడలేదు.

మళ్ళీ గోదావరిలో దించాం. ఒక్క చుక్క రాలేదు. "ఇస్త్రీ మడత గూడ నలగలేదు ఉస్తాద్," అన్నాడు సార్. జేబు పుస్తకంలో పదిహేడో అంశం: అడుగు నుంచి నీరు రావడం, లేదు. టిక్కు పెట్టాను.

నా చేతి పని కూడా ఒకటుంది, అది దాచకూడదు. గాలపు గొట్టాల కోసం తొట్టి గోడలకు కింది భాగంలో పదహారు రంధ్రాలు వేసి బోల్టులు బిగించింది నేనే. ఆ రంధ్రాల వెనక పడవ లోపలి బోలు భాగమే, అందుకని నీరు చొరకుండా చుట్టూ సిలికాన్ పూశాను. ఆ రకం ప్లాస్టిక్‌కు సిలికాన్ అంటుకోదు. ఆరినట్టు కనిపిస్తుంది గానీ గోరు పెట్టి లాగితే పొరలా ఊడి వస్తుంది. ఈ ముక్క నాకు తర్వాత తెలిసింది. తెలియక చేసిన తప్పు గురించి నాకు పెద్దగా బాధ లేదు.

రెండోది తెలిసి చేసింది.

బిరడాలు కొట్టిన మర్నాడు బ్యాటరీ తీగలు ఎట్లా కలపాలో చూద్దామని పడవతో వచ్చిన చిన్న పుస్తకం తెరిచాను. తీగల బొమ్మకు రెండు పేజీల ముందే ఆ ఆరు రంధ్రాల బొమ్మ ఉంది. అల వచ్చి తొట్టిలో పడిన నీరు దానంతట అది కిందికి వెళ్ళిపోవడానికి ఈ రంధ్రాలు పెట్టామని, అలలున్న చోట వీటిని మూయకూడదని రాసి ఉంది. రెండు వాక్యాలు. అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు.

నేను తలెత్తి చూశాను. ఉస్తాద్ ఎవరో లారీ డ్రైవరుకు బిరడాలు చూపిస్తున్నాడు. "చెయ్యి పెట్టి చెప్పు" అంటున్నాడు.

పుస్తకం మూసేశాను. ఎందుకు మూశానంటే, ఆ నిమిషంలో కూడా నా బుర్ర కారణాలకు అంకెలు వేసింది. ఒకటి, అంత బిగువుగా కొట్టినవి తియ్యాలంటే మళ్ళీ రెండు రోజుల పని. రెండు, మేము పొయ్యేది పొద్దున పూట, అలలు తక్కువగా ఉన్నప్పుడు. మూడు, ఈ వయసులో ఆయన చిన్నబోతాడు. ఇప్పుడు చూస్తే మూడోదే అసలు కారణం. అది గౌరవం అనుకున్నాను.

అదే వారం సముద్రానికి బయల్దేరాం. చిన్న ట్రాలీ బండి మీద పడవ కట్టి, టార్పాలిన్ కప్పి, ఒక పగలంతా ప్రయాణం. ఉస్తాద్ కూడా వచ్చాడు. అరవై దాటిన మనిషి, సముద్రం చూడటం అదే మొదటిసారి. చెప్పులు విడిచి, తడి ఇసుకలో నిలబడి, చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్ళకు ఎన్ని పంపులు పెట్టాలె," అన్నాడు.

మాకు చోటిచ్చిన మత్స్యకారుడికి సొంత ఇంజను పడవ ఉంది. టార్పాలిన్ ఒక కొస ఎత్తి పెడళ్ళు చూసి, "ఇది పడవా, సైకిలా బాబూ?" అని నవ్వాడు. "తొమ్మిదింటికి గాలి తిరుగుద్ది. ఆలోపు తిరిగి వచ్చేయండి," అన్నాడు.

పొద్దున ఏడింటికి దించే ముందు ఉస్తాద్ చొక్కా జేబులోంచి రెండు ఇత్తడి బిళ్ళలు తీశాడు. ఒకటో నెంబరు నా చేతిలో, రెండో నెంబరు సార్ చేతిలో పెట్టాడు. చేపలు ఎండబెట్టే పాక గుంజకు అప్పటికే రెండు మేకులు కొట్టి ఉంచాడు.

"తగిలించుండ్రి. తొమ్మిదిన్నరకు షిఫ్టు ఖతం. వచ్చి మీ బిళ్ళలు మీరే తీస్కోవాలె."

"సముద్రంలో కూడానా ఉస్తాద్?" అన్నాను.

"నీళ్ళే గదా."

సార్ గంభీరంగా, దీపాల గదిలో నిలబడ్డట్టే నిలబడి తగిలించాడు. నేను నవ్వుతూ తగిలించాను.

ఒడ్డు దగ్గర విరిగే అలల్లో మొదటిదే మా నెత్తిన పడింది. తొట్టి నిండిపోయింది. గోదావరిలో ఇట్లాంటిది ఎప్పుడూ జరగలేదు కాబట్టి, నిండిన నీళ్ళు ఎటు పోతాయన్న ప్రశ్న అప్పటిదాకా ఎవరికీ రాలేదు. అవి ఎటూ పోలేదు. బకెట్ల కొద్దీ నీళ్ళు మా ఒళ్ళో కూర్చున్నాయి. నేను సీసా కోసి తోడాను. మరో రెండు అలలు దాటాక సముద్రం నున్నగా, మెల్లగా లేస్తూ పడుతూ ఉంది. కానీ రెండు నిమిషాలకొకసారి ఒక అల అంచు దాటి వచ్చి చెంబుడు నీళ్ళు పోసి పొయ్యేది. ఎంత తోడినా నాలుగు వేళ్ళ లోతు నిలిచే ఉంది. నా పదహారు బోల్టులూ ఆ నీళ్ళ కిందే ఉన్నాయి.

ఎనిమిదిన్నర దాటాక సార్ గాలానికి చేప పడింది. వంజరమే. పెద్దది కాదు, మోచెయ్యంత. భుజం నొప్పికి పళ్ళు బిగించి లాగాడు. చేప పైకి వచ్చింది. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూస్తూ ఉన్నాడు.

అప్పుడే నా ముందున్న తెర ఆరిపోయింది.

బ్యాటరీ తీగ వదులైందనుకున్నాను. బ్యాటరీ పడవ లోపలి బోలు భాగంలో ఉంది. నా రెండు కాళ్ళ మధ్య ఉన్న గుండ్రటి మూత తిప్పి తెరిచాను. లోపల చీకటి ఉండాలి. చీకటి బదులు వెలుగు కదిలింది. నీళ్ళు. మూత అంచుకు జానెడు దూరంలో నీళ్ళు. బ్యాటరీ పెట్టె కనిపించలేదు. నా జాబితాలో ముప్పై తొమ్మిదో అంశం, తడి తుడవడానికి పెట్టుకున్న స్పాంజి, ఆ నీళ్ళ మీద నెమ్మదిగా తిరుగుతోంది.

ఆ క్షణంలో నాకు భయం వెయ్యలేదు. భయం కంటే ముందు ఇంకోటి వస్తుంది. ఒంట్లో ఏదీ పనిచెయ్యదు. నేను మూత చేతిలో పట్టుకుని ఆ స్పాంజి ఒక చుట్టు పూర్తిగా తిరిగేదాకా చూశాను.

"సార్, లోపల నీళ్ళున్నయ్," అన్నాను.

సార్ వెనక్కి తిరిగి చూడలేదు. "ముందు ఆ బిరడాలు పీకు," అన్నాడు.

వంగి వేళ్ళు పెట్టాను. పట్టుకోవడానికి ఏమీ లేదు. అంత నున్నగా కోశాడు ఉస్తాద్. రెండు గోళ్ళు విరిగాయి. గాలపు కొక్కెం తీసే పట్టుకారుతో లాగాను. రబ్బరు తునకలు ఊడి వచ్చాయి గానీ బిరడా కదల్లేదు. ఆరింటిలో ఒక్కటీ కదల్లేదు. గాలి తిరిగింది. పక్క నుంచి ఒక అల ఎత్తితే, లోపలున్న నీళ్ళన్నీ ఒక్కసారిగా ఒక వైపుకు పరిగెత్తాయి. పడవ దొర్లినట్టు తెలియను కూడా తెలియలేదు. నేను పడవలో ఉన్నాను, తర్వాత నీళ్ళలో ఉన్నాను.

లైఫ్ జాకెట్లు ఉన్నాయి కాబట్టి ఇద్దరం పైకి తేలాం. పడవ బోర్లా పడి, వీపు మాత్రం కనిపిస్తూ ఉంది. అంచు చుట్టూ ఉన్న తాడు పట్టుకున్నాం. సార్ కుడి చెయ్యి లేవడం లేదు. ఆయన జాకెట్ పట్టీని తాడుకు ముడి వేశాను. చేప పోయింది. ఫోన్లు పోయాయి. నా చేతి గడియారం మాత్రం నడుస్తోంది. తొమ్మిది దాటి పది నిమిషాలు.

నా కళ్ళ ముందు, బోర్లా పడిన పడవ అడుగున, ఆరు నల్లటి బిరడాలు రెండు వరసల్లో ఉన్నాయి. అలలు వాటి మీద నుంచి పోతున్నాయి. చాలా మంచి పనితనం. నేను వాటినే చూస్తూ ఉన్నాను. తల తిప్పితే ఒడ్డు కనిపిస్తుంది, కానీ ఒడ్డు చూడటం కంటే వాటిని చూడటం సులువుగా ఉంది.

"టైమెంత తమ్మీ?" అనేవాడు సార్ మధ్యమధ్యలో. పెదాలు నీలంగా మారాయి.

"తొమ్మిదీ ఇరవై సార్."

"ఇంక పది నిమిషాలు. అప్పటిదాకా ఉస్తాద్ లెక్కల మనం డ్యూటీల ఉన్నట్టే."

ఈల ఊదాను. గాలి ఎదురుగా ఉంది.

ఒడ్డున జరిగింది నాకు మత్స్యకారుడు తర్వాత చెప్పాడు. ఆయన మాటల్లోనే రాస్తాను. "తొమ్మిదిన్నర కాగానే మీ పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు బాబూ. పడవ తియ్యమన్నాడు. చేప పడుంటది, కాసేపు ఆగండీ, వచ్చేస్తారులే అన్నాను. నా మాట వినడే. షిఫ్టు అయిపోయింది, బిళ్ళలు ఇంకా బోర్డు మీదనే ఉన్నయి, అంటాడు. నాకేం అర్థం కాలేదు. నేను వల సర్దుకుంటుంటే వల మీద కూర్చున్నాడు. లెమ్మంటే లేవడు. ముప్పై మూడేళ్ళల్ల ఒక్క బిళ్ళ మిగిలితే గూడ మేం ఇంటికి పోలేదు, నువ్వు పోతవా అన్నాడు. ఆ మాటకి ఇక లేచాను."

పది దాటాక ఇంజను చప్పుడు వినిపించింది. అప్పటికి సార్ సమయం అడగడం మానేశాడు.

మమ్మల్ని పైకి లాగి, పడవను వెనక కట్టుకుని ఒడ్డుకు తెచ్చారు. సార్‌ను ఎండలో పడుకోబెట్టి, దుప్పట్లు కప్పి, చేతులూ కాళ్ళూ రుద్దితే కాసేపటికి లేచి కూర్చుని టీ తాగాడు. మత్స్యకారుడు కయాక్ చివరనున్న చిన్న మర విప్పితే లోపలి నీళ్ళు పోతూనే ఉన్నాయి. అవి పోతుండగా అతను తొట్టి అడుగు తడిమి ఆగిపోయాడు.

"ఇవి ఎవరు కొట్టారండీ?"

"నేనే కొట్టిన," అన్నాడు ఉస్తాద్. గొంతులో ఇంకా కాస్త గర్వం ఉంది.

"పైన పడ్డ నీళ్ళు దిగిపోయే దారులయ్యా ఇవి. మూసేస్తే నీళ్ళు ఎటు పోతాయి?"

ఉస్తాద్ అతని వైపు చూశాడు. తర్వాత పడవ వైపు. తర్వాత అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాడు. ఆ మొహం నేను వర్ణించలేను. తన చేత్తో బిగించిన పంపు ఇంతకాలం నీళ్ళను బయటికి కాక లోపలికి తోడిందని తెలిసినవాడి మొహం అనుకోండి. తల ఎత్తకుండానే నన్నడిగాడు.

"బేటా, కాగితంల రాసి ఉండెనా?"

"ఏమో ఉస్తాద్. నేను సరిగ్గ చూడలే," అన్నాను.

దుప్పటి కప్పుకున్న సార్ సముద్రం వైపు చూస్తున్నాడు.

నేను లేచి గుంజ దగ్గరికి పోయి నా బిళ్ళ తీసుకోబోయాను. మేకులు ఖాళీగా ఉన్నాయి. రెండు బిళ్ళలూ అప్పటికే ఉస్తాద్ జేబులో వేసుకున్నాడు.

గోదావరిఖని వచ్చాక ఆయన వాటిని షాపు గోడ మేకులకు తగిలించాడు. మర్చిపోయి తగిలించాడనుకున్నాను. అప్పటినుంచి లేత్ మిషన్ ముట్టలేదు. షట్టరు ఎత్తి, కుర్చీ వేసుకుని, రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. గని నుంచి పంపు బుష్షులు తెచ్చినవాళ్ళను వేరే షాపుకు పొమ్మనేవాడు. నేను చేస్తానంటే వద్దన్నాడు.

"చెయ్యి మీద నమ్మకం పోయింది బేటా. నీళ్ళకాడ ఇన్నేండ్లు పనిచేసిన. ఇద్దర్ని ముంచిన. ఇంక మిషన్ అమ్మేస్త."

"గట్లనకుండ్రి ఉస్తాద్."

"ఎట్లనాలె మరి?"

చాయ్ హోటల్ అన్న రోజూ వచ్చి ఏదో ఒక హాస్యమాడేవాడు. ఉస్తాద్ నవ్వేవాడు కాదు. ఎనిమిదో రోజు లేత్ చూడటానికి మంచిర్యాల నుంచి బేరగాడు వచ్చాడు. మిషన్ చుట్టూ తిరిగి, చక్రం తిప్పి చూసి, మళ్ళీ వస్తానని పోయాడు.

ఆ సాయంత్రం నేను జ్యోతినగర్ పోయాను. ముందు సార్‌కు నిజం చెప్పి క్షమాపణ అడగాలి, తర్వాత ఉస్తాద్‌కు చెప్పాలి అనుకున్నాను. సార్ చెయ్యి పట్టీలో వేలాడుతోంది. నన్ను వరండాలో కూర్చోబెట్టాడు. చెప్పాను. పుస్తకం చదివానని, ఫలానా రోజు చదివానని, అక్కడ రెండు వాక్యాలున్నాయని.

సార్ పట్టీలో ఉన్న చెయ్యి సర్దుకున్నాడు.

"నేను గూడ చదివిన," అన్నాడు.

నేను సరిగ్గా విన్నానో లేదో అన్న అనుమానం వచ్చింది.

"పడవ రాకముందే ఆ పుస్తకం తెప్పించుకుని పదిసార్లు చదివిన తమ్మీ. గోదావరిలో ప్యాంటు తడిసిన రోజే నాకు తెలుసు ఆ బొక్కలు ఎందుకో. ఉస్తాద్ అంత కష్టపడి చేసిండు. నువ్వు డిప్లొమా చదివినవు, రోజూ పక్కనే ఉన్నవు, ఏం అనలేదు. మీరిద్దరూ ఏదో ఆలోచించే చేసి ఉంటరనుకున్న."

"నేను మీరేం అనలేదు కాబట్టి..." అని ఆగిపోయాను. అది నిజం కూడా కాదు.

అప్పుడు గుర్తొచ్చింది. లోపల నీళ్ళున్నాయని నేను చెప్పగానే, వెనక్కి తిరిగి కూడా చూడకుండా సార్ అన్న మొదటి మాట. ముందు ఆ బిరడాలు పీకు. నేను బిరడాల సంగతి ఎత్తకముందే అన్నాడు. ఎనిమిది రోజులుగా ఆ మాట నా చెవుల్లో ఉంది. ఒక్కసారైనా దాని అర్థం వెతకలేదు.

వరండాలో ఇద్దరం కూర్చున్నాం. సముద్రంలో తాడు పట్టుకున్నప్పటి కంటే చలిగా అనిపించింది. పడవ చుట్టూ ఉన్న ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. తెలియనివాడు ఒక్కడే. ఆ ఒక్కడే ఒడ్డున నిలబడి మమ్మల్ని లెక్కపెట్టాడు. ఆ ఒక్కడే ఇప్పుడు మిషన్ అమ్ముకుంటున్నాడు.

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తగానే చెప్పాను.

"ఉస్తాద్, కాగితంల రాసి ఉండె. నేను చదివిన."

"ఎప్పుడు?"

"మీరు బిరడాలు కొట్టిన తెల్లారి."

ఆయన కుర్చీలోంచి కదల్లేదు. "మరి ఆడ అడిగితే చూడలేదంటివి."

"అబద్ధం చెప్పిన."

"సార్‌కు?"

"సార్‌కు గూడ తెలుసంట. ముందే."

ఉస్తాద్ తల ఊపాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చిన్నబోతాడని కదా నేను చెప్పనిది, చిన్నబోనూ లేదు. ఆయన మొహంలో కనిపించింది ఆశ్చర్యం మాత్రమే. చదువుకున్నవాళ్ళ గురించి ఇన్నేళ్ళూ తనకు తెలియని ఒక సంగతి ఇప్పుడు తెలిసినట్టు చూశాడు.

"గనిల ఒకడు నీళ్ళ చప్పుడు విని, ఇంకొకనికి గూడ ఇనపడ్డది గదా అని ఊకుంటే ఏమైతది బేటా?"

ఆయన గోడ మీది బిళ్ళల వైపు చూశాడు.

"కాగితం తే. చదువు."

పుస్తకం తెచ్చి, స్టూలు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాను. ఆయన ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని విన్నాడు. రంధ్రాల పేజీ వచ్చినప్పుడు చెయ్యెత్తి ఆపి, "మళ్ళ చదువు," అన్నాడు. చదివాను. "ఇంకొకసారి." చదివాను. బ్యాటరీ తీగలు, పెడళ్ళకు గ్రీజు, కడిగే పద్ధతి, చివరి అట్ట దాకా అంతా చదివించాడు. మధ్యలో చాయ్ హోటల్ అన్న రెండుసార్లు తొంగిచూసి, మా వాలకం చూసి వెళ్ళిపోయాడు.

అయిపోయాక ఉస్తాద్ లేచాడు. గోడ దగ్గరికి పోయి, ఒకటో నెంబరు బిళ్ళ మేకు నుంచి తీసి నా అరచేతిలో పెట్టాడు.

"గిప్పుడొచ్చినవ్ పైకి," అన్నాడు.

"మరి సార్‌ది?"

"ఆయనది ఆయనే వచ్చి తీస్కోవాలె."

లేత్ మిషన్ మీది గుడ్డ లాగి, చక్రం ఒకసారి చేత్తో తిప్పి చూసి, స్విచ్ వేశాడు. రెండో బిళ్ళ ఆదివారం సార్ వచ్చి తీసుకునేదాకా మేకుకే ఉంది.